ఆదివారం మనకు ఆరాధన, మన ఇంట్లో పనిచేసే అక్కకు అంట్లు: దీన్ని ఎలా మార్చాలి?

ఎంవీపీ_సిస్టర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. సలహా కావాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్. మా ఫ్లోర్, పై ఫ్లోర్ కలిపి నాలుగిళ్ళలో ఒకే అక్క పనిచేస్తారు. ఆరిలోవ నుంచి వస్తారు. ఆవిడ విశ్వాసి, బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్ళ వీధిలోనే చిన్న సంఘం ఉంది. ఈ నాలుగిళ్ళలో మూడు క్రైస్తవ కుటుంబాలే. మాది, మా సంఘంలోనే ఉన్న ఇంకొకరిది, వేరే సంఘానికి వెళ్ళే వాళ్ళది. మా ఇంట్లో ఆదివారం పని వద్దని చేరినప్పుడే చెప్పాం. కానీ మిగతా ఇళ్ళకు ఎలాగూ రావాలి కదా, మేమిచ్చిన సెలవు ఆవిడకు ఏ పనికీ రావట్లేదు.

మొన్న ఆరాధన అయ్యాక గిన్నె తిరిగివ్వడానికి పై ఫ్లోర్‌కి వెళ్ళాను. హాల్లో బంధువులు, పలావు వాసన, పిల్లల అల్లరి. వంటింట్లో అక్క అంట్లు తోముతున్నారు. కిటికీ గట్టు మీద, సబ్బు డబ్బాకి ఆనించి ఫోన్ పెట్టుకున్నారు. అందులో వాళ్ళ సంఘం లైవ్ వస్తోంది. ప్రార్థన చేసుకుందామని పాస్టరుగారు అనగానే కుళాయి కట్టేసి, సబ్బు చేతులతోనే కొంగు తల మీద వేసుకుని, సింకు ముందే నిలబడి కళ్ళు మూసుకున్నారు. హాల్లోంచి "ఇంకో రెండు ప్లేట్లు ఇటివ్వు" అని పిలుపు వచ్చింది. ఆవిడ ఆమెన్ దాకా ఆగలేదు.

ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కరోనాలో ఆవిడ జీతం ఒక్క నెల కూడా ఆపలేదు. మా సంఘంలో కష్టంలో ఉన్నవాళ్ళ ఇంటికి ముందు చేరేది వాళ్ళే. అయినా ఈ విషయం వాళ్ళ కళ్ళకు ఆనడం లేదు. నేను వాళ్ళతో విడిగా మాట్లాడాలా, మా సంఘం స్త్రీల సమాజంలో అందరికీ కలిపి చెప్పాలా, అయ్యగారి (మా పాస్టరుగారి) చెవిన వేయాలా? మనసులు విరగకూడదు, పని కూడా జరగాలి.

నిర్వాహకులు

మంచి చర్చ. ఒక్క మనవి: ఫ్లాట్ నంబర్లు, చర్చి పేర్లు, మనుషుల పేర్లు ఎవరూ రాయొద్దు. ఊరు పెద్దదే కానీ మనవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

కంచరపాలెం_బ్రదర్

అయ్యగారికి చెప్పండి సిస్టర్. ప్రసంగంలో వస్తే అందరికీ ఒకేసారి తగులుతుంది.

అక్కయ్యపాలెం_అమ్మ

అమ్మా, రెండో వైపు కూడా ఆలోచించండి. మా ఇంట్లో నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. వారమంతా పొద్దున్న ఏడింటికి ఇల్లు వదిలితే రాత్రి ఏడుకి చేరతాం. నలుగురూ కూర్చుని తినేది ఆ ఒక్క ఆదివారమే. చుట్టాలొచ్చేదీ ఆ రోజే. ఆరోజే పనమ్మాయి రాకపోతే నాకు ఆరాధనా ఉండదు, విశ్రాంతీ ఉండదు. అందుకే మా ఇంట్లో సోమవారం సెలవిస్తాను. విశ్రాంతి ఏ రోజైతే ఏంటి? ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్ళు రూఢిపరచుకోవాలని బైబిల్లో రోమా పత్రిక 14లో అపొస్తలుడైన పౌలు రాశాడు కదా. ఆదివారాన్ని మనం చట్టంలా పట్టుకోకూడదు.

పెదవాల్తేరు_సండేస్కూల్

అమ్మగారూ, మీ అలసట నిజం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ వాక్యం గురించి ఒక మాట. ఎవరికి వాళ్ళు తమ మనసులో నిశ్చయించుకోవాలని పౌలు చెప్పింది ఎవరి దినం వాళ్ళు ఎంచుకోవడం గురించి. పక్కవాళ్ళ దినాన్ని మనం నిశ్చయించే స్వేచ్ఛ అందులో లేదు. మీ దగ్గర పనిచేసే ఆమెకు సోమవారమే కావాలంటే అది చక్కటి ఏర్పాటు. ఆమెను అడిగారా అన్నదే ప్రశ్న.

పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల ఉన్నాయి, రెండిట్లోనూ విశ్రాంతి దినపు ఆజ్ఞ ఉంది. నిర్గమకాండం 20లో సృష్టి కారణంగా చెప్పారు, ద్వితీయోపదేశకాండం 5లో ఐగుప్తు (ఈజిప్టు) దాసత్వం కారణంగా. ఆ రెండోది నిదానంగా చదవండి. 14వ వచనంలో నువ్వు, నీ కొడుకు, నీ కూతురు అని మొదలుపెట్టి దాసుడు, దాసి, ఎద్దు, గాడిద దాకా వస్తుంది. దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి అని కారణం కూడా అక్కడే ఉంది. వెంటనే 15వ వచనంలో నువ్వూ ఐగుప్తులో దాసుడివే, జ్ఞాపకం చేసుకో అంటాడు దేవుడు. అంటే ఆ ఆజ్ఞ ఇంటి యజమానికి ఇచ్చింది. తను మాత్రం పని మాని, పనివాళ్ళతో చేయించుకుంటే ఆజ్ఞ పాటించినట్టు కాదు.

తొలి సంఘం చరిత్ర కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆ రోజుల్లో ఆదివారం సెలవు లేదు. రోమా సామ్రాజ్యంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి, క్రీ.శ. 321లో. అంతకుముందు విశ్వాసుల్లో చాలామంది దాసులు, కూలీలు. సుమారు 112లో బితూనియ (నేటి టర్కీలోని రోమా ప్రాంతం) అధిపతి ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని ఉంది. తెల్లవారితే యజమాని పనికి పోవాల్సిన వాళ్ళు ఆ కూటంలో ఎంతమందో ఊహించుకోవచ్చు. అదే ఉత్తరంలో ఆయన ఇద్దరు దాసీలను హింసించి విచారించానని రాశాడు. వాళ్ళు సంఘంలో పరిచారకులట. ఒకరి ఇంట్లో దాసి, దేవుని సంఘంలో పరిచారకురాలు! ఈ ఎంవీపీ అక్క గురించి చదవగానే నాకు ఆ ఇద్దరే గుర్తొచ్చారు.

ఉక్కునగరం_రిటైర్డ్

నా వయసువాళ్ళకి షిఫ్టులంటే ఏంటో బాగా తెలుసు. స్టీల్ ప్లాంట్‌లో బొగ్గును కాల్చి కోక్ చేసే ఓవెన్లలో పనిచేశాను. ఆ ఓవెన్ల వరసల్ని బ్యాటరీలంటాం, ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని ఇనుము కరిగించే మా బ్లాస్ట్ ఫర్నేసులకి నదుల పేర్లు, అమ్మవారి పేరు. వాటికి ఆదివారం, క్రిస్మస్ తెలీదు. సి షిఫ్ట్ అంటే రాత్రి పది నుంచి ఉదయం ఆరు. దిగి, స్నానం చేసి, నేరుగా చర్చికి వెళ్ళేవాళ్ళం. ప్రసంగంలో సగం మంది కునికేవాళ్ళు. మా అప్పటి పాస్టరుగారు ఒక్కసారి కూడా మమ్మల్ని వేలెత్తి చూపలేదు. "వాళ్ళని పడుకోనివ్వండి, దేవుని ఇంట్లోనే కదా పడుకున్నారు" అనేవారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆగకూడని పని ఉంది, ఆపడం మనకిష్టం లేని పని ఉంది. రెండిటినీ కలపకూడదు. విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దును పైకి తీయరా అని ప్రభువు అడిగాడు, లూకా 14లో. ఫర్నేసు బావిలో పడిన ఎద్దు లాంటిది. పలావు గిన్నె సాయంత్రం దాకా సింకులో నానితే ఎవరి ప్రాణమూ పోదు.

అక్కయ్యపాలెం అమ్మగారూ, మిమ్మల్ని నొప్పించడానికి అనలేదు. మా ఇంటి మాట కూడా అదే.

నర్స్_ఎన్‌ఏడీ

అంకుల్ చెప్పిన తేడా నూటికి నూరు పాళ్ళు నిజం. మా వార్డులో ఆదివారం డ్యూటీ తప్పదు. నేనూ మా హిందూ కొలీగ్ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. ఈస్టర్, క్రిస్మస్, వీలైనన్ని ఆదివారం ఉదయాలు ఆవిడ చూసుకుంటారు. దసరా, దీపావళి, సంక్రాంతి నేను చూసుకుంటాను. దీపావళి రాత్రి కాలిన చేతులతో పిల్లలు వరసగా వస్తుంటే డ్రెస్సింగ్ చేస్తూ నిలబడటం కూడా నాకు ఆరాధనే. నా నమ్మకం గురించి ఆవిడకి ఎక్కువ చెప్పలేదు, కానీ ఆవిడ పండగని నేను ఎప్పుడూ పాడు చేయనని ఆవిడకి తెలుసు.

ఇంకో మాట. మంచంలో ఉన్న పెద్దవాళ్ళని చూసుకునే ఇళ్ళు వేరు. అక్కడ మనిషి లేకపోతే ఒళ్ళు పుండ్లు పడతాయి. అలాంటి ఇళ్ళలో ఆదివారం పూర్తి సెలవు అనకుండా, ఆరాధన టైముకి ఇంట్లో ఒకరు కూర్చుని ఆమెను పంపండి. మూడు గంటలు చాలు.

గాజువాక_డిగ్రీ

నాకొక సందేహం. పనిచేసే ఆవిడ విశ్వాసి కాబట్టి ఇదంతా మాట్లాడుకుంటున్నాం. ఆవిడ హిందువైతే? అప్పుడు ఆదివారం అంట్లు తోమించుకోవడం ఓకేనా? మా ఇంట్లో పనిచేసే పిన్ని ప్రతి ఏడాదీ సింహాచలం చందనోత్సవానికి వెళ్తారు. స్వామి నిజరూపం ఆ ఒక్క రోజే దొరుకుతుందట, వైశాఖ శుద్ధ తదియ నాడు. ఆ రోజు సెలవు అడగడానికి ఆవిడ వారం ముందు నుంచే మా అమ్మ దగ్గర నసుగుతుంది. మా అమ్మ ఇస్తుంది, కానీ "ఆ క్యూలో ఎందుకు నలిగిపోతావు" అని ఒక మాట అనకుండా ఇవ్వదు.

పెదవాల్తేరు_సండేస్కూల్

తమ్ముడూ, ఈ చర్చలో అసలైన ప్రశ్న నువ్వే అడిగావు. అదే 14వ వచనం చివరికి రా. నీ ఇండ్లలో ఉన్న పరదేశి కూడా అని ఉంది. పరదేశి ఇశ్రాయేలు దేవుణ్ణి నమ్మాలన్న షరతు అక్కడ లేదు. విశ్రాంతి నమ్మినందుకు ఇచ్చే బహుమానం కాదు, మనిషి కాబట్టి ఇవ్వాల్సింది. పిన్నిగారి చందనోత్సవం సెలవు కూడా నా లెక్కలో అంతే. మాట అనకుండా ఇవ్వాలి.

మన దేశంలో ఆదివారం సెలవు ఎలా వచ్చిందో తెలుసా? బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో వారానికో సెలవు దక్కింది. ఆయన సంఘ సంస్కర్త జ్యోతిరావు ఫూలే అనుచరుడు, క్రైస్తవుడు కాదు. ఆదివారం తమ ఖండోబా దేవుడి రోజని కూడా ఆయన వాదించాడు. అలా వచ్చిన ఆదివారంలోనే మనం ఆరాధనకు కూర్చుంటున్నాం. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ దాకా మాత్రం అది ఇప్పటికీ సరిగ్గా చేరలేదు. వారంలో కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ళ ఒప్పందం చేసింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ఇంతవరకు ఆమోదించి అమల్లోకి తేలేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు, ద్వితీయోపదేశకాండం మన చేతిలో ఉంది.

ఆరిలోవ_అమ్మాయి

నేను ఈ వేదికలో చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మ ఇళ్ళలో పనిచేస్తుంది. మీరు చెప్తున్నావిడ మా అమ్మ కాదు, కానీ కథ ఒకటే.

ఆదివారం మా అమ్మ నాలుగున్నరకి లేస్తుంది. మాకు వండి, హనుమంతవాక దాకా షేర్ ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి నడుస్తుంది. ఆదివారం అంట్లు మామూలు రోజుకి రెండింతలు. అడుగంటిన కుక్కర్లు, మాంసం గిన్నెలు, చుట్టాల గ్లాసులు. ఇంటికి వచ్చేసరికి మూడు దాటుతుంది. మా సంఘంలో ఆరాధన పదకొండున్నరకే అయిపోతుంది. సాయంత్రం ప్రార్థనకి వస్తుంది గానీ కూర్చున్నచోటే నిద్రపోతుంది. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే రోజు. అమ్మ బల్లలో చేయి వేసి ఎన్నాళ్ళైందో నాకు గుర్తు లేదు. అమ్మకి బాధ కలిగించేది అలసట కాదు, అదే.

మీరందరూ పెద్దవాళ్ళు, మంచి మనసుతో మాట్లాడుతున్నారు. కానీ ఆవిడ ఎందుకు అడగదు అన్నది ఎవరూ రాయలేదు. సెలవు అడిగితే "అలాగైతే ఇంకొకరిని చూసుకుంటాం" అంటారని భయం. అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఇంకా భయం. సెలవిచ్చిన చోట జీతం కోసేస్తారు. నెలకి నాలుగు ఆదివారాల జీతం పోతే మాకు అది గ్యాస్ బండ. అలాంటి సెలవు మా అమ్మ తీసుకోదు.

అక్కా, దయచేసి స్త్రీల సమాజంలో ఆవిడ గురించి అని తెలిసేలా చెప్పకండి. "నువ్వే వెళ్ళి చెప్పావా" అని ముందు ఆవిడనే అడుగుతారు.

ఎంవీపీ_సిస్టర్

చెల్లీ, రాసినందుకు నీకు వందనాలు. జీతం సంగతి నాకు తట్టలేదు. మీటింగ్‌లో పెట్టే ఆలోచన మానుకుంటున్నాను.

పాస్టరమ్మ_గోపాలపట్నం

తప్పు కనబడితే ముందు నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు అని మత్తయి 18లో ప్రభువే క్రమం చెప్పాడు. అయ్యగారి ప్రసంగం దాకా తీసుకెళ్ళకండి. వేదిక మీది నుంచి ఒకరి ఇంటి విషయం మాట్లాడితే వాక్యం వినబడదు, ఎవరి గురించి అన్నదే వినబడుతుంది.

ఇళ్ళ సంగతి అలా ఉంచి, చర్చి సంగతి అడగనివ్వండి. సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు రోజు వెయ్యి మందికి వండిన డేగిసాలు ఎవరు తోముతున్నారు? ఆరాధన జరుగుతుంటే పార్కింగ్‌లో నిలబడే వాచ్‌మన్ ఏ టైముకి ఆరాధించాలి? మా సంఘంలో ఈ ప్రశ్న వచ్చాకే ఆదివారం సాయంత్రం ఆరింటికి రెండో ఆరాధన పెట్టాం, ప్రభు బల్ల కూడా అందులో ఇస్తున్నాం. ఆ ఆరాధనకి వచ్చేవాళ్ళు ఎవరనుకున్నారు? హోటల్లో పనిచేసే కుర్రాళ్ళు, ఇళ్ళలో చేసే అక్కలు, ఆర్టీసీ డ్రైవరు, ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్మే ఇద్దరు ముసలమ్మలు. చందా ఎక్కువ రాదు. పాటలు మాత్రం ఉదయం కంటే గట్టిగా వినబడతాయి.

కొరింథు సంఘంలో జరిగింది ఇదే. 1 కొరింథీ 11 చదవండి. సంఘంగా కూడి తినేటప్పుడు ముందొచ్చిన వాళ్ళు తిని తాగేసేవాళ్ళు, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవాళ్ళు. ఒకరికొకరు కనిపెట్టుకుని ఉండండి అని పౌలు చివర్లో చెప్పిన మాట అన్నం గురించి. మనం దాన్ని ప్రభువు రెండో రాకడ గురించి చెప్పినట్టు చదివేస్తాం.

మల్కాపురం_బ్రదర్

మగవాళ్ళు ఎవరూ మాట్లాడని విషయం ఒకటి ఉంది. అక్కయ్యపాలెం అమ్మగారు అలసిపోయానన్నారు, పనమ్మాయి అలసిపోయింది. ఆ ఇంట్లో మగవాళ్ళ చేతులు ఏమయ్యాయి? ఆదివారం అంట్లు ఆడవాళ్ళిద్దరి మధ్య సమస్యలా మాట్లాడుతున్నాం.

షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ చేస్తాను. మా ఇంట్లో ఆదివారం అంట్లు నేనూ మా ఇద్దరబ్బాయిలూ తోముతాం. చుట్టాలొస్తే విస్తరాకులు, పూర్ణా మార్కెట్‌లో కట్టలు దొరుకుతాయి. పెద్ద గిన్నెల్లో వేడినీళ్ళు, సర్ఫ్ పోసి గంట వదిలేస్తే అడుగు దానంతటదే వదులుతుంది. మొదట్లో మా బావ నవ్వాడు. ప్రభువు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు బావా, ఇవి గిన్నెలే కదా అన్నాను. ఇప్పుడు వచ్చినప్పుడు ఆయన తుడిచి సర్దుతాడు.

అక్కయ్యపాలెం_అమ్మ

అందరి మాటలూ చదివాను. ఆరిలోవ అమ్మాయి రాసింది మా పనమ్మాయికి చదివి వినిపించాను. "మీకు ఏ రోజు కావాలి" అని మొదటిసారి అడిగాను. ఆమె హిందువు, సోమవారమే బాగుందంది, కార్తీక మాసంలో శివాలయానికి వెళ్తుందట. కాబట్టి మా ఇంట్లో ఏర్పాటు మారలేదు. ప్రతి ఒక్కరికీ ఆదివారమే అన్న మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. అడగాలి అన్నది ఒప్పుకుంటాను. మావారి చేత గిన్నెలు తోమించడం గురించి మల్కాపురం తమ్ముడే వచ్చి మాట్లాడాలి.

కంచరపాలెం_బ్రదర్

లేవీయకాండం 19:13 కూడా ఎవరైనా చెప్తారేమో అని చూశాను. కూలివాని జీతం తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు అని ఉంది. ఒకటో తారీఖు ఇవ్వాల్సిన జీతం పదో తారీఖు దాకా లాగే ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి, సంఘానికిచ్చే దశమ భాగం మాత్రం మొదటి ఆదివారమే కవర్లో పెడతారు. సెలవు గురించి మాట్లాడేటప్పుడు దాన్ని కూడా కలపండి.

ఎంవీపీ_సిస్టర్

ఏం జరిగిందో చెప్తాను.

ముందు అక్కనే అడిగాను, మీ తరఫున మాట్లాడమంటారా అని. చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి "మీకు తోచినట్టు చెప్పండమ్మా, నా మాటగా చెప్పకండి" అన్నారు. సరేనన్నాను.

తర్వాత మా సంఘంలోనే ఉన్న ఆ ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. నా మాటగానే చెప్పాను. ఆ ఇంటావిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వచ్చే వారం నుంచి ఆదివారం పని వద్దు అన్నారు. మూడో క్రైస్తవ కుటుంబం నెలకి రెండు ఆదివారాలు ఇస్తామన్నారు, మొదటి ఆదివారం అందులో ఉండాలని అడిగితే ఒప్పుకున్నారు. నాలుగోది హిందూ కుటుంబం. వాళ్ళన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "మాకు ఆదివారం అవసరం లేదండీ. మీవాళ్ళ ఇళ్ళకి ఎలాగూ వస్తోంది కదా అని మేమూ రమ్మంటున్నాం" అన్నారు.

అంటే ప్రస్తుతానికి నెలలో రెండు ఆదివారాలు పూర్తిగా ఖాళీ, మిగతా రెండు ఒక్క ఇల్లు. ఆ ఇంటివాళ్ళతో మళ్ళీ మాట్లాడతాను, తొందరపడను. జీతం కోత ఉండకూడదని అన్ని ఇళ్ళలోనూ ముందే చెప్పాను. ఒక ఇంట్లో మొహం చిట్లించారు గానీ సరే అన్నారు.

ఇప్పుడు కొత్త చిక్కు. ఆదివారం అంట్లన్నీ సోమవారం పొద్దున్నకి పేరుకుంటాయి. అక్కకి సోమవారం నడుం విరుగుతుంది. చెల్లీ, మీ అమ్మగారు ఏమంటారు?

ఆరిలోవ_అమ్మాయి

అమ్మని అడిగి రాస్తున్నాను అక్కా. తిన్న ప్లేట్లు, గ్లాసులు ఎవరివి వాళ్ళు కడిగేసుకోవాలట. వండిన గిన్నెలు మాత్రం ఉంచొచ్చు, కానీ అన్నం మెతుకులు తీసేసి నీళ్ళు పోసి పెట్టాలి, ఎండిపోతే గోకలేక గోళ్ళు ఊడతాయంది. చికెన్ ఎముకలు సింకులో వదిలేయొద్దు, రాత్రికి చీమలు, వాసన. సోమవారం బట్టలు వేయకుండా మంగళవారానికి జరిపితే టైము సరిపోతుందట. అన్నిటికంటే ముందు, మొదటి ఆదివారం ఖాళీ అని ఆవిడకి ముందే గట్టిగా చెప్పమంది. చివరి నిమిషంలో చెప్తే బల్లకి సిద్ధపడటానికి టైము ఉండదు.